కంబాలకొండ బాటలు: ఈ తొలకరికి విత్తన బంతులు విసరాలా, తలంబ్రాల కంప పీకాలా?

కొండగాలి (చర్చ ప్రారంభం)

విశాఖ మిత్రులందరికీ నమస్కారం. మా కాలనీ వాళ్లం, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు, వారి విద్యార్థులు కలిసి సెలవు రోజుల్లో కంబాలకొండ నడకబాటల్లో తిరుగుతుంటాం. ఈ వర్షాకాలంలో ఆ అడవికి మా వంతుగా ఏదైనా చేయాలన్న ఆలోచనతో విత్తన బంతులు (గింజలను మట్టిలో చుట్టిన ఉండలు) తయారుచేసి, బాటకు ఇరువైపులా, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు పెద్ద చెట్లు కూలి నేటికీ బోసిగా కనిపించే వాలుల్లో విసరాలని అనుకుంటున్నాం. వేప, కానుగ, సుబాబుల్, తురాయి, నేరేడు గింజలను పిల్లలు ఇప్పటికే పోగుచేస్తున్నారు. ఇవి సరిపోతాయా, ఇంకేమైనా చేర్చాలా, బాట పక్కన అల్లుకున్న తలంబ్రాల కంప పొదలను పీకి బాట శుభ్రం చేసే పని కూడా కలిపి పెట్టుకోవచ్చా అన్నది తెలిసినవారు చెప్పగలరని మనవి.

పాతబీటు

కొండగాలి గారూ, మీ ఉత్సాహానికి సంతోషం. అటవీ శాఖలో సెక్షన్ అధికారిగా పనిచేసి విరమించినవాణ్ని కనుక ముందుగా చట్టం సంగతి చెబుతాను. కంబాలకొండ మునిసిపాలిటీ పార్కు కాదు. ఒకప్పుడు విజయనగరం సంస్థానం అధీనంలో ఉండి, తరువాత రిజర్వు అడవిగా మారి, 2002లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమైన సుమారు 71 చదరపు కిలోమీటర్ల అడవి అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షను ప్రకారం అభయారణ్యంలోకి ఎవరు, ఏ పనికి, ఎంతవరకు వెళ్లవచ్చన్నది నియంత్రణకు లోబడి ఉంటుంది. 29వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా అక్కడి వన్యప్రాణులకు గాని, వాటి ఆవాసానికి గాని హాని చేయకూడదు, అటవీ ఉత్పత్తులు తీసుకుపోకూడదు. మంచి పని అనుకొని పుల్ల విరిచినా, బయటి గింజ లోపల నాటినా అది మీ పెరటి తోట వ్యవహారం కాబోదు. టికెట్టు కొని బాటలో నడిచే హక్కుకూ, బాట దిగి అడవిలో పనిచేసే హక్కుకూ చాలా తేడా ఉంది. రేంజి కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. వాళ్లు చూపిన చోటే, వాళ్ల సిబ్బంది తోడుండగానే పని మొదలుపెట్టండి.

రేలపూత

నేను వృక్షశాస్త్రం బోధిస్తాను. జాబితాలో ముందుగా సుబాబుల్‌ను, తురాయిని తీసేయండి. తురాయి పుట్టిల్లు మడగాస్కర్, సుబాబుల్ మెక్సికో ప్రాంతం నుంచి వచ్చింది. రోడ్డు పక్కన తురాయి పూస్తే కన్నుల పండువే, కాదనను, కానీ అభయారణ్యంలో దానికి పని లేదు. సుబాబుల్ మరీ మొండిది. ఒకసారి కాయలు రాలిస్తే కింద గుబురుగా మొలకలు లేచి ఇంకో మొక్కను రానివ్వవు. పశువుల మేతకు, కాగితం పరిశ్రమకు దాన్ని పెంచుకునే రైతు సంగతి వేరు.

మిగతా గింజల మాటకు వస్తే, ఒక్కొక్క గింజకు ఒక్కొక్క స్వభావం ఉంటుంది. నేరేడు గింజ తడి ఆరితే చచ్చిపోతుంది; దాన్ని మట్టిలో చుట్టి నీడలో ఎండబెట్టి రెండు మూడు వారాలు దాచి విసిరితే మీరు మట్టిగడ్డలు విసిరినట్టే. వేప గింజకు కూడా ఆయుష్షు తక్కువే, రాలిన కొద్ది వారాల్లోనే అది మొలవాలి. దీనికి పూర్తిగా భిన్నంగా రేల గింజ మీద గట్టి తొడుగు ఉంటుంది. దాన్ని గీకకుండానో, వేడినీళ్లలో నానబెట్టకుండానో వేస్తే ఆ ఏడాది మొలవనే మొలవకపోవచ్చు. అడవిలో ఈ పనిని ఎలుగుబంటి వంటి జంతువులు చేస్తాయి. అవి రేలకాయలు తిని వేసిన పెంటలో గింజలు బాగా మొలుస్తాయి. రేగు గింజల్ని నక్కలు, పునుగు పిల్లులు మోసుకెళ్లి చల్లుతాయి. అన్ని గింజలనూ ఒకే ముద్దలో కలిపి, ఒకే రోజున, ఒకే వాలు మీద విసరడం ఫొటోకు బాగుంటుంది గాని, గింజకు అనుకూలమైన పద్ధతి కాదు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఆ వాలు బోసిగా ఉండటానికి కారణం గింజలు లేకపోవడమేనా? బాట పక్కన కూర్చుని దగ్గరగా చూస్తే బిల్లుడు, అంకుడు, ఊడుగ, బలుసు, మోదుగ పిలకలు మోకాలెత్తున కనిపిస్తాయి. తుపానుకు విరిగిన చెట్ల మోళ్ల నుంచి కూడా చిగుళ్లు వస్తాయి, మన ఆకురాల్చే అడవుల బలమే అది. వాటి నెత్తిన తలంబ్రాల కంప, అదే లంటానా, గొడుగులా కప్పుకొని ఎండ తగలనివ్వదు. పైగా వేసవిలో ఎవరో పడేసిన బీడీ ముక్కకు నేలమంట లేచి ఆ పిలకలన్నీ మాడిపోతాయి. అక్కడ కొత్త గింజ కన్నా ఉన్న పిలకకు చోటు ఇవ్వడం ముఖ్యం.

సాగరతీరం

రేలపూత గారూ, మీ వివరణ బాగుంది కానీ ఒక అభ్యంతరం. పిల్లలు తమ చేతులతో మట్టి పిసికి బంతి చేసి విసిరినప్పుడు వాళ్లకు అడవి మీద కలిగే మమకారాన్ని మీరు లెక్కలోకి తీసుకోవడం లేదు. ‘అది చేయకూడదు, ఇది చేయకూడదు’ అని చెబుతూ పోతే వాళ్లు మళ్లీ షాపింగ్ మాల్‌కే పోతారు. పైగా లంటానా పూల మీద ఎన్ని సీతాకోకచిలుకలు వాలతాయో నేను స్వయంగా ఫొటోలు తీశాను. దాన్ని అంత శత్రువుగా చూడాలా?

రేలపూత

మంచి ప్రశ్న అండీ. లంటానా పూలలో తేనె ఉంది, పండ్లను పిగిలిపిట్టలు, గోరింకలు ఇష్టంగా తింటాయి, దాని పొదల్లో అడవి పందులు, కుందేళ్లు దాక్కుంటాయి. ఇవన్నీ నిజాలే. కానీ పెద్దయిన సీతాకోకచిలుకకు తేనె ఎక్కడ దొరికినా సరిపోతుంది, దాని గొంగళిపురుగుకు మాత్రం ఫలానా చెట్టు ఆకే కావాలి. నిమ్మ సీతాకోకచిలుకకు మారేడు, వెలగ, నిమ్మ జాతి ఆకులు కావాలి. రేల, తంగేడు ఆకుల మీద పసుపు, తెలుపు రెక్కల రకాలు గుడ్లు పెడతాయి. లంటానా ఆ చెట్ల చోటును ఆక్రమించుకుంటే వచ్చే తరానికి తిండి కరువవుతుంది. 19వ శతాబ్దం ఆరంభంలో తోటల అందం కోసం దక్షిణ అమెరికా వైపు నుంచి తెచ్చిన మొక్క ఇది. ఈ రోజు దేశంలో అది చొరబడని అడవి అరుదు.

అయితే మీ మాటలో పట్టించుకోవలసిన విషయం ఒకటి ఉంది. లంటానాను ఒకేసారి ఎకరాలకు ఎకరాలు గొరిగేయకూడదు. దాని కింద బతుకుతున్న జీవాలకు ఒక్కసారిగా చాటు పోతుంది, బోసి నేల మీద వాన పడి మట్టి కొట్టుకుపోతుంది, ఆ ఖాళీలోకి వయ్యారిభామ కలుపు దూరుతుంది. కొంచెం కొంచెంగా, అతుకులు అతుకులుగా తీస్తూ, తీసిన చోట స్థానిక గడ్డి, పిలకలు నిలదొక్కుకున్న తరువాతే పక్క ముక్కకు వెళ్లాలి.

పిల్లల సంగతికొస్తే, వాళ్లకు మట్టి పనే కావాలంటే నర్సరీలో సంచులు నింపే పని ఇవ్వండి. నేరేడు పండు తిని ఉమ్మిన గింజను ఆ రోజే సంచిలో పెట్టి, మొలిచాక ఆ మొక్కను తమ బడి ఆవరణలో నాటుకోమనండి.

పాతబీటు

కంప తీసే విధానం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దీన్ని తప్పుగానే చేస్తారు. కత్తితో పైన నరికితే లంటానా నాలుగింతలు కొమ్మలు వేసుకొని లేస్తుంది. ప్రొక్లెయినర్‌తో పెకలిస్తే నేల అంతా తిరగబడి, మట్టిలో నిద్రపోతున్న దాని గింజలన్నీ వెలుతురు చూసి మొలుస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య సి.ఆర్. బాబు, ఆయన సహచరులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి చాలా తేలికైనది. మొక్క మొదట్లో నేలకు బెత్తెడు లోతున, వేరూ కాండమూ కలిసే ముడి కింద, గునపంతోనో పొడుగు పిడి గొడ్డలితోనో తల్లివేరును తెగవేయాలి. చిగుళ్లు పుట్టేది ఆ ముడి దగ్గరి నుంచే. దాన్ని తప్పించి పైన కొడితే శ్రమ వృథా. తెగిన మొక్కను తలకిందులుగా, వేరు ఆకాశం వైపు ఉండేలా అక్కడే పెట్టేయాలి. నేలకు తాకకుండా ఎండిపోతుంది, మళ్లీ వేళ్లూనదు.

ఒకటి రెండు వానలు పడి నేల మెత్తబడ్డాక, కాయలు నల్లబడక ముందు ఈ పని చేయాలి. నల్లకాయలున్న కొమ్మలను బాట వెంట ఈడ్చుకుంటూ పోతే మీరే విత్తనాలు చల్లినవాళ్లవుతారు. ఆ తరువాతి ఏడాది, ఆపై ఏడాది అదే ముక్కకు తిరిగి వచ్చి, పిట్టలు కూర్చునే చెట్ల కింద లేచిన పిల్ల మొక్కలను చేత్తో పీకాలి. ఫొటోలు తీసుకొని వెళ్లిపోయే బృందాలను నేను ఉద్యోగంలో చాలా చూశాను. రెండో ఏడాది మళ్లీ వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

మిడ్‌వెస్ట్_తెలుగు

రెండో ఏడాది మాట చదివి రాయాలనిపించింది. నేను షికాగో దగ్గర ఉంటాను. ఇక్కడ కుక్ కౌంటీ అటవీ సంరక్షణ భూముల్లో లంటానా పాత్రను బక్‌థార్న్ అనే పొద పోషిస్తుంది. ఇదీ ఐరోపా నుంచి కంచె కోసం తెచ్చిన మొక్కే. వాలంటీర్లు చలికాలం శనివారాల్లో దాన్ని నరికి కుప్పలు వేస్తారు; మోడు మీద కలుపు మందు పూసే పని మాత్రం లైసెన్సు ఉన్నవారే చేస్తారు. నాకు నచ్చిన విషయం ఏమిటంటే ఒక్కొక్క ప్రాంతానికి ఒక బాధ్యుడు ఉంటాడు, ఆయన ఉద్యోగి కాకపోవచ్చు, మనలాంటి పౌరుడే కావచ్చు, కానీ అదే నేలను ఏళ్ల తరబడి చూసుకుంటూ ఏ మూల ఏ పూవు తిరిగి వచ్చిందో రాసిపెట్టుకుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లకు తొలి రోజు రంపం ఇవ్వరు, ముందు ఏ మొక్కను ముట్టుకోకూడదో చూపిస్తారు. విశాఖలో కూడా ఒక్క బాటను, ఒక్క వాగు పక్క వాలును పట్టుకొని అలా చేయగలిగితే బాగుంటుంది.

గట్టువాసి

నేను ఆ కొండను ఆనుకొని ఉన్న ఊరివాణ్ని. అందరూ మంచి మాటలే రాశారు, కానీ ఎవరూ ఊరి ఊసెత్తలేదు. బాటలో ఎక్కడ నీరు ఊరుతుందో, ఏ బండ కింద ముళ్లపంది ఉంటుందో, కణుజులు ఏ దారిన దిగి వస్తాయో మా పెద్దవాళ్లకు తెలుసు. వన సంరక్షణ సమితులు వచ్చిన తరువాత మా వైపు చాలామంది కాపలా పనిలో, పర్యాటకుల పనిలో ఉన్నారు. బయటి నుంచి వచ్చేవారు కంప తీసే పనిని మా వాళ్లతో కూలికి చేయించి, తాము పక్కన ఉండి నేర్చుకుంటే పని నాణ్యంగా జరుగుతుంది, మాకు నాలుగు రూపాయలు వస్తాయి. కంప తీసిన పుల్ల వంటచెరకుకు ఇస్తారా లేదా అన్నది ముందే అధికారులతో మాట్లాడుకోవాలి, లేకపోతే తరువాత గొడవ.

కుక్కల సంగతి ఇంకా ముఖ్యం. నడకకు వచ్చేవారు బిస్కెట్లు వేస్తారు, వనభోజనాలకు వచ్చినవారు విస్తరాకులు, మిగిలిన పులిహోర చెట్టు మొదట్లో పోసిపోతారు. ఆ తిండికి ఊరకుక్కలు గుంపుగా అడవిలోకి చేరి దుప్పి పిల్లలను తరిమి తరిమి చంపుతున్నాయి. కుక్కలున్న చోటికి వాటి కోసం చిరుత కూడా వస్తుంది. ఆ మరునాడు పేపర్లో ‘జనావాసాల్లో చిరుత సంచారం’ అని వస్తుంది. పిలిచింది ఎవరు?

పొద్దుటినడక

హైదరాబాదు నుంచి రాస్తున్నాను. మా కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానంలోనూ తిండి పెట్టడమే పెద్ద సమస్య. ఊరి నడిబొడ్డున సుమారు 390 ఎకరాల్లో ఉండి 1998లో జాతీయ ఉద్యానమైన ఆ అడవికి పొద్దున్నే నడకకు వచ్చేవారు పుణ్యం పేరుతో చీమలకు పిండి, చక్కెర, నెమళ్లకు బియ్యం చల్లుతారు. నెమలి పాములను, పురుగులను, గింజలను వెతుక్కుంటూ అడవంతా తిరగవలసిన పక్షి; అది బాట పక్కనే కాచుకొని కూర్చోవడం మొదలుపెడితే దాని పిల్లలకు వెతుకులాట ఎవరు నేర్పుతారు? మిగిలిన గింజలకు పందికొక్కులు, పావురాలు చేరతాయి. ‘జీవకారుణ్యం తప్పా’ అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు కనుక నేను వాదన పెట్టుకోను. ఇంటి పిట్టగోడ మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి, పిచ్చుకలు వస్తాయి అని మాత్రం చెబుతాను. కొందరు వింటున్నారు.

కుక్కల గురించి గట్టువాసి గారు చెప్పినదానికి ఒక చేర్పు. కొట్లాటే కాదు, రోగాలు కూడా ఉన్నాయి. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కుక్కలకు సోకే కెనైన్ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. నడకకు వచ్చేటప్పుడు పెంపుడు కుక్కను వెంట తేవద్దనే నిబంధన అందుకే.

నల్లరేగడి

నంద్యాల జిల్లా నుంచి. ‘బోసి నేల కనిపిస్తే చెట్లు నాటాలి’ అనే ఆలోచన మీద నాకు చిరకాలపు కోపం ఉంది. మా రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. మీటరు ఎత్తు ఉండే ఆ పక్షి చెట్ల మీద గూడు కట్టదు, పచ్చికలో నేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది, దూరం వరకు కనిపించే బయలు కావాలి దానికి. పైనుంచి చూసేవారికి అది పనికిరాని బంజరు. చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాయి, మెట్ట పొలాలు తగ్గాయి, కృష్ణజింకలు పెరిగి రైతుల పంటల్లో పడ్డాయి, రైతుకూ అభయారణ్యానికీ మధ్య సఖ్యత చెడింది. చాలా ఏళ్లుగా బట్టమేక పిట్ట మాకు కనిపించడం లేదు. కంబాలకొండలోనూ బండల మధ్య గడ్డి పెరిగే చోట్లు ఉంటే వాటిని ‘ఖాళీ స్థలం’ అనుకోకండి.

కొండగాలి

అందరికీ ధన్యవాదాలు. మా బృందంలో మాట్లాడుకున్నాం. విత్తన బంతుల కార్యక్రమాన్ని అభయారణ్యంలో కాకుండా, పిల్లల బడి ఆవరణలో నర్సరీగా మారుస్తున్నాం. వేప, కానుగ, నేరేడు గింజలు అక్కడికి పోతాయి. అయితే సాగరతీరం గారి మాటతో నేను ఇప్పటికీ కొంత ఏకీభవిస్తాను. మనుషులు చేయి పెట్టడానికి ఏదో ఒక పని లేకపోతే సంరక్షణ అన్నది బోర్డు మీది మాటగానే మిగిలిపోతుంది. అందుకని ఇంకొక ప్రశ్న. మేం నడిచే బాటలో ఒక మలుపు దగ్గర వాననీరు బాట వెంటే పారి నడుములోతు గాడి పడింది. నడిచేవారు ఆ గాడిని తప్పించుకోవడానికి పక్కనుంచి నడిచి నడిచి ఇప్పుడు బాట మూడింతలు వెడల్పయింది, పక్కనున్న బలుసు పొదల వేళ్లు బయటపడ్డాయి. దీనికి మేం ఏమైనా చేయగలమా? ఆ బాటను ఊడ్చి, ఎండుటాకులు తీసేస్తే నీరు సాఫీగా పోతుందని ఒకరు అన్నారు.

పాతబీటు

ఎండుటాకుల జోలికి పోకండి. వాన చినుకు దెబ్బను ముందుగా కాచుకునేది ఆ ఆకు పొరే. పొన్నంగి పిట్ట వంటివి ఆ ఆకులను ముక్కుతో తిరగేసి పురుగులను ఏరుకొని బతుకుతాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఫైరు లైన్ల మీద ఆకు తీసేది శాఖవారే, అది మంట పాకకుండా చేసే వేరే పని.

గాడి విషయం తేలిక. నీటిని ఆపాలని చూడకండి, దాన్ని బాట మీది నుంచి దించేయాలి. వాలుకు పై భాగాన, గాడి మొదలయ్యే చోటుకు ముందే, బాటకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఒక వరుస రాళ్లను మూడు వంతులు భూమిలోకి దించి పాతితే నీరు ఆ వరుస వెంట జారి పల్లం వైపు పొదల్లోకి పోతుంది. నిటారుగా అడ్డం పెడితే నీరు రాళ్ల వెనక నిలిచి, ఒక పెద్ద వానకు రాళ్లతో సహా కొట్టుకుపోతుంది. నీరు దిగే చోట నాలుగు చదును రాళ్లు పరచాలి, లేకపోతే అక్కడ కొత్త గాడి పడుతుంది. పక్కదారిని మూయడానికి ముళ్లకంచె అక్కర లేదు, కూలిన కొమ్మలను అడ్డంగా వేస్తే చాలు, మనిషి కాలు సహజంగానే సాఫీగా ఉన్న వైపు పోతుంది. బురద ఉన్న రోజున బురదలోనే నడవమని మీ బృందానికి చెప్పండి. బూట్లు పాడవుతాయని గట్టు ఎక్కడం వల్లనే బాట వెడల్పవుతుంది. రాళ్లను వాగులో నుంచి మాత్రం ఎత్తుకురాకండి, వాటి కింద పీతలు, కప్పలు, తేళ్లు ఉంటాయి. రక్తపింజరి కూడా ఉండవచ్చు.

గట్టువాసి

పాము మాట వచ్చింది కనుక. మా వైపు కొండల్లో గిరినాగు ఉంది. దాని పొడుగు చూసి జనం భయపడి కర్రలు పట్టుకొని పరిగెత్తుతారు, కానీ అది తినేది ఎక్కువగా ఇతర పాములనే, మనిషి అలికిడి వింటే పక్కకు తప్పుకుంటుంది. ఆడపాము ఎండుటాకులను పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెడుతుంది. వేసవిలో గాని, తొలకరిలో గాని ఆకుల కుప్ప కనిపిస్తే కాలితో కదపకుండా సిబ్బందికి చెప్పండి. కంప తీసేటప్పుడు ముందు కర్రతో పొదను కదిపి, కాసేపు ఆగి, అప్పుడు గునపం వేయాలి. మోకాలి వరకు బూట్లు, తోలు చేతితొడుగులు లేనివాళ్లను పనిలోకి దించవద్దు.

రేలపూత

దరఖాస్తులో రాయవలసినవి చెబుతాను. బాట పేరు, మలుపు గుర్తు, ఎన్ని మీటర్ల పొడవునా కంప తీయాలనుకుంటున్నారు, పనికి ముందు అక్కడ ఉన్న స్థానిక పిలకల జాబితా, తీసిన కంపను ఏం చేస్తారు, ఊరి సమితికి ఎంత కూలి ఇస్తారు. జాబితా తయారుచేయడానికి తొలి వానలు పడ్డాక వచ్చే ఆదివారం నేను వస్తాను. పిలకలకు రంగు గుడ్డపీలికలు కట్టుకుంటూ పోదాం, పని రోజున తొక్కకుండా ఉంటారు. పని అయ్యాక ఆ పీలికలన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకురావాలి.

కొండగాలి

తప్పకుండా అండీ. తొలి ముక్కగా ఆ మలుపుకు పై వైపున, ఒక తరగతి గది అంత చోటు మాత్రమే అడుగుతాం. రేంజి కార్యాలయంలో దరఖాస్తు సోమవారం ఇస్తాను. గట్టువాసి గారూ, కూలి, పనిముట్ల సంగతి మాట్లాడటానికి సమితివారిని ఏ పూట కలిస్తే వీలుగా ఉంటుంది?

గట్టువాసి

సాయంత్రం ఆరు దాటాక రండి, అందరూ పని నుంచి తిరిగి వచ్చి ఉంటారు. గునపాలు మా దగ్గరే ఉన్నాయి, చేతితొడుగులు మాత్రం మీరు తెచ్చుకోండి.